ముల్లంగిని తీసేస్తే పదకొండు రోజులు

ఆ బుధవారం పొద్దున మొమోసె చిహిరొ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదిన్నరకి ఆఫీసు చేరడం, ఒక కాగితం ప్రింటు తీయడం, దాన్ని పదింటి సమావేశానికి ముందే మేనేజరు షిమొకావా గారి చేతిలో పెట్టడం, మధ్యాహ్నం క్యాంటీన్లో వేడివేడిగా ఓడెన్ పులుసుకూర తినడం. జనవరి చలిగాలి ట్రాము కిటికీ సందులోంచి ఈల వేస్తున్నా, ఆ నాలుగో పని తలుచుకుంటే ఆమెకి వెచ్చగానే ఉంది. బుధవారం ఓడెన్ అంటే క్యాంటీన్ వంటావిడ హిరాబె గారి ముల్లంగి. పొద్దున ఆరింటి నుంచి పులుసులో మగ్గి మగ్గి, పుల్ల తగిలితే చాలు విచ్చుకునే ముల్లంగి చక్రాలు.

జపాన్లోని తొయొహాషి ఊరి చివర, క్యాబేజీ పొలాలు మొదలయ్యే చోట ఉంది ఆమె పనిచేసే కంపెనీ. ముసలివాళ్ళు తోసుకుంటూ నడిచే బళ్ళు తయారు చేస్తుంది. నాలుగు చక్రాలు, ఒక పిడి, లోపల కూరల సంచి. అలసిపోతే మూత మీదే కూర్చోవచ్చు. కొత్త రకం బండి ఒకటి ఆరు నెలల్లో పూర్తి కావాలని మొదలుపెట్టి పద్నాలుగు నెలలు దాటించారు. ఎందుకింత ఆలస్యమవుతోందో తేల్చమని యాజమాన్యం మొమోసెని పెట్టుకుంది. ఆమె పని బండి గీయడం కాదు. బండి గీసేవాళ్ళు కలిసి ఎలా పనిచేస్తున్నారో చూడడం.

ఎనిమిది నెలలు ఆమె మూల బల్ల దగ్గర కూర్చుని చూసింది. ఎవరు ఎవరిని అడుగుతున్నారు, జవాబు కోసం ఎన్నాళ్ళు ఆగుతున్నారు, గీసిన బొమ్మ ఎన్నిసార్లు వెనక్కి వస్తోంది, అన్నీ రాసుకుంది. ఆ లెక్కలతో కంప్యూటర్లో ఆ ఆఫీసుకి ఒక నకలు తయారు చేసింది. అందులోని వాళ్ళకి మాట్లాడే గుణం, వినే గుణం పాళ్ళు చూసి పెట్టింది. మొదట అలక పెట్టలేదు. అలక లేకుండా నడిపిస్తే ఫలితాలు ఏ కోశానా అసలు ఆఫీసుని పోలి రాలేదు. తర్వాత అలక కూడా చేర్చింది. నిజం మనుషులకి ఒక బండి చెయ్యడానికి ఏడాది పట్టేచోట ఈ నకలు మనుషులు రాత్రికి రాత్రి వెయ్యి బళ్ళు చేసేస్తారు. టీ అడగరు, సెలవడగరు.

యాజమాన్యం ఒక్క షరతు పెట్టింది. ఎవరి మనసూ నొచ్చుకోకూడదు కాబట్టి పేర్లు వాడొద్దంది. మొమోసె ఆలోచించి అందరికీ కూరగాయల పేర్లు పెట్టింది. కూరగాయల వల్ల ఎవరి మనసు నొచ్చుకుంటుంది?

ఆఫీసుకి రాగానే కంప్యూటరు మీద ఫలితం సిద్ధంగా ఉంది. ప్రింటు నొక్కింది. మేడ మీద ప్రింటరు ఆకుపచ్చ దీపం వెలిగించుకుని మౌనంగా కూర్చుంది. మళ్ళీ నొక్కింది. మౌనమే. మూడోసారి నొక్కి, కాసేపు దాని మూత మీద చెయ్యి వేసి బతిమాలినట్టు నిలబడి, చివరికి మరమ్మతు వాళ్ళకి ఫోను చేసింది. పదిన్నరలోపు మనిషిని పంపిస్తామన్నారు. అంతదాకా ఆగలేక, పెరడు దాటి గోదాములో ఉన్న ప్రింటరు వాడుకుందామని వెళ్ళింది. కంప్యూటరు తెలిసిన మనిషి గోదాములో కనబడితే వదిలేదెవరు? "అమ్మాయ్, దేవుడు పంపినట్టు వచ్చావు, ఇదొక్కటి చూసిపెట్టు" అంటూ గోదాము పెద్దాయన తన యంత్రం ముందు కూర్చోబెట్టేశాడు.

మూడుసార్లు నొక్కిన ప్రింటు ఎక్కడికీ పోలేదు. కింద క్యాంటీన్లో, రోజూ వంటకాల పట్టిక తీసే చిన్న ప్రింటరులోంచి మూడు కాగితాలూ చక్కగా వచ్చాయి. హిరాబె గారు తడిచేతులు తుడుచుకుని చదివింది.

"ముల్లంగిని తీసేస్తే పదకొండు రోజులు మిగులుతాయి. వంకాయనీ ఉల్లినీ దగ్గరగా ఉంచాలి. గుమ్మడి వాటా పెరిగేకొద్దీ అంతా నెమ్మదిస్తుంది. అల్లాన్ని మొదట్లోనే చేర్చాలి, చివర్లో చేర్చి లాభం లేదు. వంకాయ అలక రెండు రోజులకి మించదు."

హిరాబె గారికి అరవై ఎనిమిదేళ్ళు. ఆ వంటింట్లో ఇరవై తొమ్మిదేళ్ళుగా గరిటె పట్టిన మనిషి. అల్లం సంగతీ, గుమ్మడి సంగతీ ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. కోసి పెట్టిన వంకాయ అలిగి నల్లబడుతుందని కూడా తెలుసు. ముల్లంగి దగ్గరే గుండె కలుక్కుమంది. పదకొండు రోజులు మిగలడమేమిటి? ఆయుష్షా? నిరుడు ఆరోగ్య సంఘం వాళ్ళు ఇలాగే ఉప్పు తగ్గించమని కాగితం పంపారు. అప్పుడు ఒక్కటే పంపారు. ఇప్పుడు మూడు పంపారంటే పై వాళ్ళు ఎంత పట్టుదలగా ఉన్నారో! ఆవిడ పెద్దగా నిట్టూర్చి, ఉడుకుతున్న రెండు గుండిగల్లోంచీ ముల్లంగి చక్రాలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టింది.

అప్పుడే టీ కోసం వచ్చాడు సెకిగుచి. బండి చక్రాలూ చట్రమూ గీసే ఇంజనీరు. మనిషి బంగారం, కానీ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏంటి హిరాబె గారూ, ఏరేస్తున్నారు?"

"నన్నడక్కు నాయనా, పై వాళ్ళనడుగు. ఇదిగో కాగితం."

సెకిగుచి చదివాడు. టీ పోసుకోవడం మరిచిపోయాడు. ఒక కాగితం పట్టుకుని రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తాడు.

మేడ మీద ఇద్దరున్నారు. ఒకరు బ్రేకుల కుగిమియా. అరవై ఏళ్ళకి రిటైరయ్యాడు. కంపెనీ ఏడాదికోసారి ఉత్తరం ఇచ్చి మళ్ళీ పెట్టుకుంటోంది. ఈ ఏటి ఉత్తరం ఇంకా రాలేదు. ఆ సంగతి ఆయన ఎవరినీ అడగలేదు కానీ రోజూ ఉత్తరాల పెట్టె వైపు ఒకసారి చూసి వస్తున్నాడు. రెండోవారు తొగావా. సీటూ సంచీ ఆవిడ పని. ఆవిడ గొంతు ఎంత చిన్నదంటే, ఫోనులో అవతలివాళ్ళు లైను తెగిపోయిందనుకుని పెట్టేస్తుంటారు.

"గురువుగారూ, ఇది చూశారా?"

కుగిమియా కాగితాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని చదివాడు. "వంటకమా?"

"వంటకం కాదండీ, మనమే! మొమోసె గారి కంప్యూటర్లో కూరగాయలు మీరు చూడలేదా? మొన్న నేను వెనకనుంచి వెళ్తూ చూశాను. వంకాయ వెళ్ళి ఉల్లికి ఏదో చెప్తోంది, ఉల్లి నోరు మెదపదు. ఇదేం ఆటండీ అంటే, ఆట కాదు, మీ ఆఫీసే అంది."

"అలక అని కూడా రాశారు" అంది తొగావా మెల్లగా. "అలిగేది మనుషులే కదా."

ముగ్గురి కళ్ళూ మొదటి వాక్యం మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయాయి.

"ముల్లంగి నేనే అయ్యుంటాను" అంది తొగావా. "తెల్లగా, చప్పగా, ఏ పులుసులో వేస్తే ఆ రుచి. ఉన్నా లేకపోయినా ఒకటే."

"ఛ ఛ, మీరు ఉల్లి అయ్యుంటారండీ."

"ఉల్లా? నేనెవరిని ఏడిపించాను?"

సెకిగుచి నాలుక కరుచుకున్నాడు. కుగిమియా కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. "మీరిద్దరూ వాదించుకోకండి. ముల్లంగిని నేనే. తల చూడండి, ముగ్గుబుట్ట. అందరికంటే ఎక్కువ కాలం ఈ మట్టిలో పాతుకున్నదీ నేనే. ఎప్పుడో పీకాల్సింది, పాపం మొహమాటపడి ఊరుకున్నారు."

"అలా అనకండి గురువుగారూ. ఒక్క నిమిషం..." సెకిగుచి వేళ్ళు మడిచాడు. "మనం ముగ్గురం, మేనేజరు గారితో నలుగురం. కూరగాయలు అయిదున్నాయి."

"అయితే?"

"అయిదోది కొత్తగా వచ్చే మనిషేమో..."

అన్నాక అనకుండా ఉండాల్సిందనిపించింది. కుగిమియా తల పంకించాడు. గోడ గడియారం పది కొట్టింది. "సమావేశానికి మీరు వెళ్ళండి. పోయే మనిషికి సమావేశమెందుకు? నేను నా సొరుగు సర్దుకుంటాను" అన్నాడాయన. ఆయన్ని ఆ స్థితిలో వదిలి సమావేశానికి వెళ్ళడానికి మిగతా ఇద్దరికీ మనసొప్పలేదు.

ఇరవై నిమిషాల తర్వాత తలుపు దగ్గర ఒక అపరిచితుడు నిలబడి వంగి నమస్కరించాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మెడకి టై, చేతిలో నల్ల సంచి. పేరు కనెమిత్సు అని చెప్పుకున్నాడు.

"ఇక్కడ పాతది సరిగ్గా పనిచెయ్యట్లేదని కబురొస్తే వచ్చానండీ. ముందు చూస్తాను. బాగుపడేలా లేకపోతే మార్చేద్దాం."

తొగావా గుప్పెటతో నోరు మూసుకుంది. కుగిమియా లేచి, కోటు సర్దుకుని, తిరిగి నమస్కరించాడు. "చాలా త్వరగా వచ్చారు."

"ఎంత త్వరగా మారిస్తే మీ పనికి అంత మంచిది కదండీ. ఇంతకీ అది ఎన్నాళ్ళ నాటిది?"

"అరవై మూడేళ్ళు."

కనెమిత్సు నవ్వబోయి, పెద్దాయన ముఖం చూసి మానుకున్నాడు. "అరవై మూడా! అంత పాతవాటికి మా దగ్గర విడిభాగాలు కూడా దొరకవండీ."

"నాకూ దొరకట్లేదు. మోకాలికి వెతుకుతున్నాను." కుగిమియా కుర్చీ లాగి చూపించాడు. "కూర్చోండి. మార్చేలోగా మీకు అంతా అప్పజెప్పడం నా ధర్మం."

కొత్త చోటికి వెళ్ళినప్పుడు చెప్పేది పూర్తిగా వినాలి, మధ్యలో అడ్డురాకూడదు అని కనెమిత్సుకి కంపెనీలో నేర్పించారు. అతను కూర్చున్నాడు. ప్రింటరు గోడవారన ఉంది. అటొకసారి ఆశగా చూశాడు. కుగిమియా అప్పటికే ముప్పై ఎనిమిదేళ్ళ బ్రేకుల చరిత్ర మొదటి పుట తెరిచాడు.

కింది అంతస్తు సమావేశపు గదిలో షిమొకావా గారు ఒక్కడే ఉన్నాడు. ఆయన పద్ధతి గల మనిషి. పదింటికి సమావేశమంటే పదింటికి మొదలుకావాలి. ఎవరైనా రాకపోతే అది వాళ్ళ ఆలస్యమే తప్ప సమావేశం ఆలస్యం కాదు. గొంతు సవరించుకుని తొలిపలుకులు చదివాడు. మెట్ల మీద పరిగెత్తరాదని హెచ్చరించాడు. రెండో అంశం బ్రేకు. ఖాళీ కుర్చీల వైపు చూసి, ఎవరూ ఏమీ అనకపోవడంతో "చర్చ జరగలేదు" అని రాసుకున్నాడు. హాజరు అన్నచోట "ఒకరు" అని వేశాడు. ఇంత క్రమశిక్షణగా జరిగిన సమావేశం తన ఉద్యోగంలో మరొకటి లేదని కూడా ఆయనకి అనిపించింది.

మేడ మీద నమూనా బండిని గది మధ్యకి తెచ్చాడు కుగిమియా. "మామూలు బండి బ్రేకు గట్టిగా నొక్కాలి. తొంభై ఏళ్ళ చేతికి అంత బలమెక్కడిది? అందుకని తిరగేశాను. పిడి పట్టుకుని తోస్తే కదులుతుంది, చెయ్యి వదిలితే దానంతటదే ఆగుతుంది. ఏదీ, తోసి వదలండి."

కనెమిత్సు తోసి వదిలాడు. బండి టక్కున ఆగింది. అతను పిడి మీదుగా నడుము దాకా ముందుకు వంగాడు.

"అదీ జబ్బు" అన్నాడు కుగిమియా. "ఏడు వారాలైంది. మా అమ్మకి తొంభై ఒకటి. వీధిలో తిప్పి చూడవే అని ఇచ్చాను. మొన్న నన్ను చెడామడా తిట్టింది. ఎదురింటావిడతో అమ్మకి పదేళ్ళుగా మాటల్లేవు. ఈ బండి ఆగినప్పుడల్లా ఆవిడకి వంగి నమస్కారం పెట్టిస్తోందిట. ఒక్క పొద్దుటిపూటే మూడుసార్లు! నేను చచ్చినా పెట్టనన్న నమస్కారం నీ బండి పెట్టించిందిరా అంది."

సెకిగుచి నవ్వాపుకోలేక దగ్గాడు. తొగావా తలొంచుకుంది. కనెమిత్సు మాత్రం బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బ్రేకునే చూస్తున్నాడు. యంత్రం ఏదైనా సరే, విప్పి చూడందే నిద్రపట్టని రకం మనిషి.

"నేను చెప్పొచ్చో లేదో తెలీదండీ..."

"మీరే చెప్పాలి. రేపట్నుంచి ఇది మీ బండే."

ఆ మాట అతనికి అర్థం కాలేదు. అయినా లేచి గోడవారన ఉన్న ప్రింటరు దగ్గరికి వెళ్ళాడు. దాని మూత పైకెత్తి, ఠక్కున చెయ్యి వదిలేశాడు. మూత పడలేదు. ఆలోచించుకుంటున్నట్టు మెల్లమెల్లగా దిగి, చప్పుడు లేకుండా కూర్చుంది.

"వీటి కీలులో చిన్న గొట్టముంటుందండీ, లోపల చిక్కటి నూనె. దానివల్ల ఎంత జోరుగా వదిలినా నిదానంగా దిగుతుంది. మీ బ్రేకు కూడా ఒక్కసారిగా కరుచుకోకుండా ఇలా మెల్లగా పట్టుకుంటే..."

కుగిమియా కళ్ళద్దాలు సర్దుకుని కీలు మీదికి వంగాడు. సెకిగుచి మూతని మూడుసార్లు ఎత్తి వదిలాడు. అప్పుడు వాళ్ళ వెనకనుంచి, ఫోను లైను తెగినంత చిన్న గొంతు వినిపించింది.

"అలాంటి కీళ్ళు నా దగ్గరున్నాయి."

ముగ్గురూ వెనక్కి తిరిగారు.

"సీటు మూతకి వేశానండీ" అంది తొగావా. "ముసలివాళ్ళ వేళ్ళు నలగకూడదని. అక్టోబరులో."

"అక్టోబరులోనా!" కుగిమియా బండి వైపు చూశాడు. సీటు మూతకీ ఆయన బ్రేకుకీ మధ్య జానెడు దూరం లేదు. "మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"బుధవారం సమావేశంలో చెబుదామని... ప్రతిసారీ నా వంతు వచ్చేసరికి టైమైపోయేది. మధ్యలో చెప్తే బాగుండదని ఆగాను. తర్వాత మీరు చిరాకుగా ఉన్నారు."

"వంకాయ అలక" అని గొణిగాడు సెకిగుచి. ఎవరూ పట్టించుకోలేదు. తొగావా సొరుగులోంచి రెండు కీళ్ళు తెచ్చింది. కుగిమియా చొక్కా చేతులు మడిచాడు. కనెమిత్సు తన నల్ల సంచి తెరిస్తే అందులో ఎన్ని రకాల స్క్రూడ్రైవర్లున్నాయో! కొత్త మనిషి పనిముట్లు వెంటేసుకుని తిరిగే రకమని కుగిమియాకి అతని మీద గౌరవం ఇంకా పెరిగింది. పన్నెండయ్యేసరికి కీలు బిగించారు. సెకిగుచి బండిని గది చివరిదాకా తోసి చెయ్యి వదిలాడు. దుప్పటి మీద పిల్లి దిగినట్టు ఆగింది. ఎవరూ ఎవరికీ నమస్కారం పెట్టాల్సిన అవసరం రాలేదు.

నలుగురూ చప్పట్లు కొట్టారు. కుగిమియా అటు తిరిగి చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత కనెమిత్సు భుజం తట్టి, "రండి, మా క్యాంటీన్లో ముల్లంగి తినకుండా ఈ కంపెనీలో చేరకూడదు" అన్నాడు. అతని ఆకలి చూస్తే, కంపెనీలో చేరడమేమిటని అడిగే ఓపిక లేనట్టుంది.

క్యాంటీన్ అప్పటికే గుసగుసలతో నిండిపోయింది. ప్రతి గిన్నెలోనూ గుడ్డుంది, చేపముద్దలున్నాయి, జున్నులా వణికే నల్లటి కొన్యాకు దుంప ముక్కలున్నాయి. ముల్లంగి మాత్రం లేదు. పెయింటు విభాగం వాళ్ళు గరిటె పట్టుకుని గుండిగ అడుగు దేవుతున్నారు.

"హిరాబె గారూ, ముల్లంగి ఏదండీ?" అడిగాడు కుగిమియా.

"తీసెయ్యమన్నారు నాయనా. పైనుంచి ఆర్డరు. ఒకటి కాదు, మూడు కాగితాలు పంపారు. ఇంతకాలం మంచిదేగా, ఒక్కసారిగా ఏం పాపం చేసిందో నాకూ తెలీదు." ఆవిడ కళ్ళని ఏప్రన్ అంచుతో ఒత్తుకుంది.

కుగిమియా గిన్నె బల్ల మీద పెట్టాడు. "వంటింటికి కూడా చెప్పేశారన్నమాట" అన్నాడు. ఆ తర్వాత నిటారుగా నిలబడ్డాడు. క్యాంటీన్ అంతా సద్దుమణిగింది.

"మిత్రులారా, ముప్పై ఎనిమిదేళ్ళు మీతో కలిసి తిన్నాను. ఇవాళ నన్ను తీసేస్తున్నారు. నాకేం బాధ లేదు. నేను ఏడు వారాల్లో చెయ్యలేనిది ఈ కొత్త అబ్బాయి రెండు గంటల్లో చేశాడు. నా బ్రేకుల్ని మంచి చేతుల్లో పెట్టి వెళ్తున్నాను. ఇతన్ని నాలాగే చూసుకోండి. కాస్త సణుగుతాననేవాళ్ళు, అదొక్కటీ ఇతనికి నేర్పకండి."

హిరాబె గారు బావురుమంది. పెయింటు విభాగంలో ఇద్దరు లేచి నిలబడ్డారు. కనెమిత్సు నోట్లో సగం గుడ్డుతో చుట్టూ చూశాడు. సరిగ్గా అప్పుడే ఒక తలుపులోంచి మొమోసె, మోకాళ్ళకి గోదాము దుమ్ముతో పరిగెత్తుకొచ్చింది. రెండో తలుపులోంచి షిమొకావా గారు సమావేశపు నివేదిక పట్టుకుని తీరుబడిగా వచ్చాడు.

"ఎవరు తీసేస్తున్నారండీ మిమ్మల్ని?" అంది మొమోసె.

"మీరేనమ్మా. తప్పులేదు, మీ లెక్క మీరు చెప్పారు. ముల్లంగిని నేనేనని ఒప్పుకుంటున్నాను."

సెకిగుచి కాగితం చాచాడు. మొమోసె ఆ కాగితాన్నీ, గుండిగల్నీ, హిరాబె గారి తడి కళ్ళనీ వరసగా చూసింది. అంతా ఒక్కసారి అర్థమై, చలికి ఎర్రబడిన ఆమె ముఖం ఇంకా ఎర్రబడింది.

"ముల్లంగి మీరు కాదండీ కుగిమియా గారూ! మీరు వంకాయ!"

"వంకాయా?" ఆయన ఆ మాటని నోట్లో తిప్పి చూసుకున్నాడు. నచ్చినట్టే ఉంది. "మరి ముల్లంగి ఎవరు?"

మొమోసె షిమొకావా గారి వైపు చూసింది. క్యాంటీన్ మొత్తం అటే చూసింది. ఆయన నివేదికని ఛాతీకి హత్తుకుని, "చెప్పండి మొమోసె గారూ, నేను సిద్ధంగానే ఉన్నాను" అన్నాడు.

"మీరూ కాదండీ. మీరు గుమ్మడి." ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు గారి పొట్ట ఆ పేరుకి ఏమాత్రం అన్యాయం చెయ్యదు. "ముల్లంగి అంటే బుధవారం సమావేశం. ఎవరికి ఏ సందేహం వచ్చినా, ఎవరికి ఏ ఉపాయం తోచినా, పక్కబల్లకి చెప్పకుండా దానికోసమే దాచుకుంటున్నారు. అందుకని దాన్ని కూడా ఒక మనిషిలాగే లెక్కలో పెట్టాల్సి వచ్చింది. అందరికంటే ఎక్కువ వినేదీ అదే, చేతికి పని తగలనిదీ అదే. వెయ్యిసార్లు తీసి చూశాను. సగటున పదకొండు రోజులు మిగులుతున్నాయి."

షిమొకావా గారు చేతిలో నివేదిక విప్పి చూశాడు. "ఇవాళ రెండో అంశం బ్రేకు" అన్నాడు మెల్లగా. "చర్చ జరగలేదని రాశాను."

"బ్రేకు అయిపోయిందండీ" అంది తొగావా. ఈసారి అందరికీ వినబడింది.

"అయిపోయిందా! ఎప్పుడు?"

"మీరు సమావేశంలో ఉండగా."

ఆయన ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. కుగిమియా జాలిపడి ఆయన ముందు టీ పెట్టాడు. ఆ టీ చూడగానే ఆయనకి ఏదో గుర్తొచ్చింది. "కుగిమియా గారూ, అన్నట్టు మీ ఉత్తరం... కొత్త ఏడాది సెలవులకి ముందే సంతకం అయిపోయింది. మూడు వారాలుగా నాలుగో అంశంగా పెడుతూనే ఉన్నాను. అక్కడిదాకా ఎప్పుడూ రాలేకపోయాం."

అలగడానికి అంతకంటే మంచి కారణం జన్మలో దొరకదు. కానీ కుగిమియాకి అలగాలనిపించలేదు. కనెమిత్సు వైపు తిరిగాడు.

"అయితే నువ్వెవరివయ్యా?"

"ప్రింటరు బాగుచెయ్యడానికి వచ్చానండీ."

"మరి రెండు గంటలు నోరు మూసుకుని విన్నావేం?"

"మీరు చెప్పేది చాలా బాగుందండీ" అన్నాడు కనెమిత్సు. "పైగా మీరు ఊపిరి తీసుకోలేదు."

క్యాంటీన్ కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఆ గోలలో హిరాబె గారు మెల్లగా వంటింట్లోకి వెళ్ళి రెండు పెద్ద పళ్ళేలతో తిరిగొచ్చింది. ముల్లంగి చక్రాలు పులుసు నీటితో నిగనిగలాడుతున్నాయి. "తీసెయ్యమన్నారు కదా అని తీశాను గానీ, పారేసే చేతులా నాయనా ఇవి?" అంది. మొమోసెకి అందరికంటే ముందు రెండు చక్రాలు వడ్డించింది. వాటి మీద ఆవపిండి ముద్ద పెట్టుకుని తింటుంటే, తన ఎనిమిది నెలల పరిశీలన ఇంత బాగా ఉడికినట్టు ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు.

ప్రింటరుకి ఏ జబ్బూ లేదని కనెమిత్సు మధ్యాహ్నం నిమిషంలో తేల్చాడు. కాగితం ఎక్కడికి పంపాలో కంప్యూటరుకి ఎవరో తప్పు చెప్పారంతే. శుక్రవారం కుగిమియా వాళ్ళ అమ్మ కొత్త కీలు బిగించిన బండి తోసుకుంటూ వీధిలోకి వెళ్ళి, ఎదురింటావిడ గుమ్మం ముందు కావాలనే చెయ్యి వదిలింది. బండి మెత్తగా ఆగింది. అమ్మగారు తల ఎత్తుకుని నిలబడింది. ఎదురింటావిడ పదేళ్ళ మౌనం వదిలేసి, "ఆ బండి ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగిందిట. "మా అబ్బాయినడిగి చెప్తాలే, తొందరేముంది" అని జవాబిచ్చి, తీరుబడిగా ఇల్లు చేరి, ఆ సంగతి కొడుక్కి నాలుగుసార్లు చెప్పింది.

షిమొకావా గారు ముల్లంగిని తీసేశాడు. సోమవారం పొద్దున నోటీసు బోర్డు మీద, బుధవారం సమావేశం నేటితో రద్దు, ఎవరికి ఏం తోచినా అప్పటికప్పుడు పక్కబల్ల వాళ్ళకి చెప్పుకోవలెను అని తన చక్కటి చేతిరాతతో రాసి పెట్టాడు. అందరూ సంతోషించారు. తొగావా ఆ రోజు ఏడుసార్లు లేచి కుగిమియా బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆయన ఒక్కసారి మాత్రమే సణిగాడు.

బుధవారం పది కొట్టింది. ఆ వేళకి ఏం చెయ్యాలో ఎవరికీ తెలియక, పిలవకుండానే అయిదుగురూ వచ్చి సమావేశపు గదిలో కూర్చున్నారు. మాట్లాడుకోవడానికి ఏ విషయమూ మిగలలేదు కాబట్టి ఇరవై నిమిషాల్లోనే ముగించారు.